లీటరు పామోలిన్ ప్యాకెట్: మూకుట్లో ఎలా ఉంటుంది, ధర ఎవరు పెడతారు

కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ ప్యాకెట్లు కళ్లెదురుగా ఉంటాయి. పామోలిన్ (పామాయిల్‌లోని ద్రవ భాగం) మాత్రం కింది అరలోనో, కౌంటర్ పక్కన విప్పిన అట్టపెట్టెలోనో ఉంటుంది. పేరు పెట్టి అడిగేవాళ్లు తక్కువ. "తక్కువలో ఉన్న నూనె ఇవ్వండి" అంటారు, కొట్టాయన ఇది తీసిస్తాడు. ఇంట్లో పామాయిల్ వాడతామని చెప్పుకోవడానికి చాలామందికి మొహమాటం. మొహమాటపడేవాళ్లు కూడా రోజూ తింటూనే ఉంటారు. మిక్స్చర్ పొట్లం, బేకరీ బిస్కెట్, ఇన్‌స్టంట్ నూడుల్స్ వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదివితే చాలావాటిలో పామోలినో పామాయిలో కనిపిస్తుంది.

ఇది ఏదో ఒక కంపెనీ ప్యాకెట్ మీద సమీక్ష కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో దొరికే లీటరు రిఫైన్డ్ పామోలిన్ అనే సరుకు మొత్తం మీద. బ్రాండు మారితే నూనె పెద్దగా మారదు. ముడి సరుకు ఎక్కువగా వచ్చేది ఇండోనేషియా, మలేషియాల నుంచి. కాకినాడ, కృష్ణపట్నం రేవుల పక్క ఫ్యాక్టరీల్లో అది శుద్ధవుతుంది. మారేది ధర. ఆ ధర ఎందుకు మారుతుందో తెలిస్తే ఎప్పుడు ఎంత కొనాలో కూడా తెలుస్తుంది.

ముందు వంట సంగతి. వేపుడుకి దీనికి వంక పెట్టలేం. 170 నుంచి 180 డిగ్రీల మధ్య, అంటే పిండి చుక్క వేస్తే అడుగుకి తగిలీ తగలకుండానే పైకి తేలే వేడిలో, గంటల తరబడి నిలబడుతుంది. కారణం దీని తత్వంలోనే ఉంది. ఇందులో సంతృప్త కొవ్వు 40 శాతం పైనే. సన్‌ఫ్లవర్‌లో అది 10, 11 శాతం. గాలి, వేడి తగిలినప్పుడు పాడయ్యేది అసంతృప్త కొవ్వు కాబట్టి పామోలిన్ నెమ్మదిగా పాడవుతుంది. అందుకే చేగోడీలు, జంతికలు, కారప్పూస డబ్బాలో వారాలపాటు పాత నూనె వాసన పట్టకుండా ఉంటాయి. సోయా నూనెలో వేయిస్తే ఆ వాసన త్వరగా వస్తుంది. బజ్జీల బండి వాళ్లు దీన్ని పట్టుకోవడానికి చవక ఒక్కటే కారణం కాదు.

అలాగని అదే నూనెను రోజుల తరబడి మరిగించకూడదు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (పదేపదే మరిగితే నూనె చెడి పుట్టేవి) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన, 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కనుక గుర్తులు చూసుకోవాలి. నురగ సన్నగా లేచి పదార్థం తీసినా అణగకపోయినా, మామూలు మంటకే పొగ వచ్చినా, చల్లారాక చిక్కగా జారినా పారేయాల్సిందే. ఎక్కువమంది చేసే తప్పు, అడుగున మాడిన పిండి నలకలను వడకట్టకుండా పైన కొత్త నూనె పోయడం. ఆ నలకలు కొత్త నూనెను కూడా వెంటనే పాడుచేస్తాయి.

పోపుకి పెట్టినప్పుడు దీని లోపం బయటపడుతుంది. వేడిగా తిన్నప్పుడు తెలియదు. డిసెంబరులో ఆఫీసు టిఫిన్ బాక్సు తెరిస్తే వంకాయ వేపుడు చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంటుంది, నాలుక మీద మైనం పూసినట్టుంటుంది. ఆదిలాబాద్ చలికి ప్యాకెట్టే మసకబారి అడుగున గడ్డకడుతుంది. అది కల్తీ కాదు. పామాయిల్‌ని చల్లార్చి, గడ్డకట్టే స్టియరిన్ భాగాన్ని వడగట్టగా మిగిలిన ద్రవమే పామోలిన్. ఆ వడగట్టడం ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు జరగదు. గడ్డకడితే ప్యాకెట్‌ని గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, మొత్తం కరిగాక కలిపి వాడాలి. పైన తేరిన నూనె మాత్రమే వంచుకుంటూ పోతే చివరికి మిగిలేది గట్టి భాగం, దాంతో చేసిన పూరీలు జిడ్డోడుతాయి. ఆవకాయలో దీన్ని పోయాలన్న ఆలోచనే వద్దు. పప్పునూనె ధర చూసి కొందరు సాహసం చేస్తారు. చలికాలంలో జాడీలో ఊట మీద తెల్లగా తెట్టు కడుతుంది, రుచి ఏమీ రాదు.

తర్వాత తూకం. లీటరు ప్యాకెట్ కిలో ఉండదు, 910 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919.1 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుందని కేంద్ర వినియోగదారుల శాఖే లెక్క చెప్పింది. ఆ సందులో "60 డిగ్రీల వద్ద లీటరు" అని చిన్న అక్షరాలతో అచ్చువేసి గ్రాములు మిగుల్చుకున్న ప్యాకెట్లు ఉండేవి. అందుకే 2023 జనవరి 15 లోపు ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, లీటరుతోపాటు బరువు కూడా రాయాలని 2022లో చెప్పారు. ఇప్పుడు చూడాల్సింది ఆ బరువే. 850, 800 గ్రాముల ప్యాకెట్లు లీటరు ప్యాకెట్ల పక్కనే, అదే ఎత్తులో నిలబడి ఉంటాయి. ధరని గ్రాములతో భాగించి పోల్చుకోండి. ఎమ్మార్పీని పట్టించుకోవద్దు, వంటనూనెల్లో అమ్మే ధర దానికి చాలా కిందే ఉంటుంది.

ఇక ధర. ముడి పామాయిల్ ధర మలేషియా ఎక్స్ఛేంజిలో రింగిట్లలో తేలుతుంది, కొనుగోలు డాలర్లలో జరుగుతుంది, అమ్మకం రూపాయల్లో. పైన మన దిగుమతి సుంకం. సుంకం లెక్కకి ప్రభుత్వం దాదాపు పదిహేను రోజులకోసారి టారిఫ్ విలువ, అంటే ఏ ధర మీద సుంకం వేయాలో ఆ ధర, ప్రకటిస్తుంది. 2025 మే 30న తగ్గించాక ముడి నూనె మీద అన్నీ కలిపి 16.5 శాతం. అందులో 10 శాతం మూల సుంకం, 5 శాతం వ్యవసాయ సెస్సు, ఆ రెండింటి మీద పదో వంతు సంక్షేమ సర్‌చార్జి. శుద్ధి చేసి తెచ్చిన నూనె మీద 35.75 శాతం. లెక్క తేలిగ్గా ఉండటానికి టన్ను 1000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. కిలో 85 రూపాయలకు రేవు చేరిన ముడి నూనె మీద సుంకం 14 రూపాయలు. అదే ధరకి శుద్ధి నూనె తెస్తే 30 రూపాయలు. తర్వాత శుద్ధి ఖర్చు, రవాణా, కొట్టు లాభం, 5 శాతం జీఎస్టీ.

ఈ 14కీ 30కీ మధ్య తేడాలోనే అసలు తగువు ఉంది. గెలలు కోసి ముడి నూనె తీయడంలో పెద్దగా మిగలదు. శుద్ధి, విభజన, ప్యాకింగ్ చేసేవాడికి ఫ్యాక్టరీ, ఉద్యోగాలు, స్టియరిన్ అమ్మకం, సబ్బుల వ్యాపారం వస్తాయి. ఇండోనేషియా తన ముడి నూనె ఎగుమతి మీద ఎక్కువ పన్ను, శుద్ధి చేసిన నూనె మీద తక్కువ పన్ను వేస్తుంది, ఫ్యాక్టరీ తన దగ్గర పెట్టాలని. మనం సరిగ్గా తిరగేసి, ముడి నూనె మీద తక్కువ, శుద్ధి నూనె మీద ఎక్కువ వేస్తాం, ఫ్యాక్టరీ కాకినాడలో నడవాలని. ఎదుగుతున్న రెండు దేశాలూ ఒకే మెట్టు కోసం పోటీ పడుతున్నాయి. 2024 సెప్టెంబరులో ముడి నూనె మీద 27.5, శుద్ధి నూనె మీద 35.75 శాతం పెట్టినప్పుడు తేడా 8.25 పాయింట్లే మిగిలింది. దాంతో శుద్ధి నూనె ఓడలు వరస కట్టాయి, మన రిఫైనరీలకు పని తగ్గింది. 2025 మేలో తేడాని 19.25కి పెంచింది అందుకే. వినియోగదారుడికి చవగ్గా నూనె ఇవ్వడం ఒక్కటే లక్ష్యమైతే శుద్ధి నూనె మీద కూడా తగ్గించేవారు.

దిగుమతిని బిగించి వదిలే ఈ మీట దౌత్యానికి ఎలా పనికొస్తుందో 2020లో బాగా తెలిసింది. మలేషియాతో మన సమగ్ర ఆర్థిక సహకార ఒప్పందం 2011 జులై నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 2019 జనవరిలో మలేషియా శుద్ధి నూనె మీద సుంకం 45 శాతానికి దిగింది, ఇండోనేషియా నూనె మీద 50 దగ్గర ఆగింది. ఆ ఐదు పాయింట్లతో మలేషియా ఆ ఏడాది మనకు అతిపెద్ద సరఫరాదారైంది. దాదాపు 44 లక్షల టన్నులు పంపింది. మన రిఫైనరీలు గోల పెట్టాయి. సెప్టెంబరులో మలేషియా శుద్ధి నూనె మీద ఆర్నెల్లకు అదనంగా 5 శాతం వేసి లెక్క సమం చేశారు. అక్కడిదాకా అది వ్యాపార తగువే.

అదే నెలాఖరున మలేషియా ప్రధాని మహాథిర్ మొహమ్మద్ ఐక్యరాజ్యసమితిలో కశ్మీర్ మీద చేసిన వ్యాఖ్యలు ఢిల్లీకి మింగుడు పడలేదు. అక్టోబరులో మన వంటనూనెల పరిశ్రమ సంఘం సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్టర్స్ అసోసియేషన్ మలేషియా నూనె కొనవద్దని తన సభ్యులకు చెప్పింది. డిసెంబరులో పౌరసత్వ చట్టం మీద కూడా ఆయన మాట్లాడారు. 2020 జనవరి 8న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక చిన్న నోటిఫికేషన్ ఇచ్చింది. శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని 'స్వేచ్ఛ' జాబితా నుంచి 'నియంత్రిత' జాబితాకి మార్చింది. అందులో ఏ దేశం పేరూ లేదు, కశ్మీర్ మాట అంతకన్నా లేదు. మలేషియా ఎక్కువగా పంపేది శుద్ధి నూనె కాబట్టి దెబ్బ ఎవరికో అందరికీ అర్థమైంది. ప్రతీకారం తీర్చుకునేంత పెద్ద దేశం కాదు మాది అన్న అర్థంలో మహాథిరే మాట్లాడారు. ఫిబ్రవరిలో ఆయన పదవి వదిలారు. మే నెలకి మలేషియా మన దగ్గర లక్ష టన్నుల బియ్యానికి ఒప్పందాలు చేసుకుంది, మన వ్యాపారులు మళ్లీ అక్కడి నూనె కొనడం మొదలుపెట్టారు.

ఆ దెబ్బ తగలడానికి రెండు కారణాలున్నాయి. మనం పెద్ద కొనుగోలుదారులం, ఇండోనేషియా రూపంలో మనకి ఇంకో కొట్టు ఉంది. రెండో కారణం లేకపోతే మొదటిది పనిచేయదు. ఆ నియంత్రణను 2021 జూన్ 30న ఎత్తేశారు, కేరళ రేవుల్లో మాత్రం శుద్ధి నూనె దించకూడదన్న షరతు ఉంచారు. అది అక్కడి కొబ్బరి రైతుల కోసం.

మధ్యలో నేపాల్ ముచ్చట ఒకటుంది. అక్కడ చెప్పుకోదగ్గ పామాయిల్ తోటలు లేవు. అయినా దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద మనకు సుంకం లేకుండా నూనె పంపొచ్చు. కాబట్టి బయటినుంచి ముడి నూనె తెచ్చుకుని, శుద్ధి చేసి, సరిహద్దు దాటిస్తారు. మన సుంకం పెరిగినప్పుడల్లా నేపాల్ ఎగుమతుల పట్టికలో వంటనూనె పైకెక్కుతుంది. 2024 సెప్టెంబరు పెంపు తర్వాత కూడా అదే జరిగింది, ఈసారి సోయా, సన్‌ఫ్లవర్. ఆపితే పొరుగుదేశం నొచ్చుకుంటుంది, ఆపకపోతే మన రిఫైనరీలు నొచ్చుకుంటాయి.

మీట రెండు వైపులా తిరుగుతుందని 2022 చూపించింది. ఉక్రెయిన్ యుద్ధంతో ఫిబ్రవరి 24 నుంచి ఒడెస్సా వైపు రేవులు మూతపడ్డాయి. అప్పటిదాకా మన సన్‌ఫ్లవర్‌లో అధిక భాగం ఉక్రెయిన్‌దే. ఆ కొరత పామాయిల్ మీద పడింది, ప్రపంచ ధర ఎగిసింది. ఇండోనేషియాలో వ్యాపారులు ఎగుమతులకే మొగ్గడంతో సొంత జనానికి లీటరు 14,000 రుపియాలకు (అక్కడి కరెన్సీ) నూనె దొరకని పరిస్థితి. ఏప్రిల్ 28 నుంచి ఎగుమతులు ఆపేశారు. మొదట పామోలిన్ ఒక్కటే అన్నారు, అమలుకు ముందురోజు ముడి నూనెను కూడా కలిపారు. నాలుగు వారాలు తిరక్కముందే ట్యాంకులు నిండిపోయాయి, మిల్లులు గెలలు కొనడం తగ్గించాయి, అక్కడి రైతులు జకార్తా వీధుల్లోకి వచ్చారు. మే 23న నిషేధం ఎత్తేశారు. ఇక్కడ కేంద్రం హడావుడిగా 20 లక్షల టన్నుల చొప్పున ముడి సోయా, సన్‌ఫ్లవర్‌ని సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చింది. అమ్మేవాడు కొట్టు మూస్తే కొనేవాడికి ఎంత నష్టమో, గెల చెట్టుమీదే పండిపోయే పంట కాబట్టి అమ్మేవాడికీ అంతే నష్టం.

ఇప్పుడు ఇండోనేషియా నూనెను లారీల్లో పోస్తోంది. డీజిల్‌లో 2023లో 35 శాతం, 2025 నుంచి 40 శాతం పామాయిల్ బయోడీజిల్ కలపాలని నిబంధన. దిగుమతి డీజిల్ ఖర్చు తగ్గించుకోవడం వాళ్ల లెక్క. మన పక్కనుంచి చూస్తే ప్రతి ఐదు పాయింట్ల పెంపూ రేవుకొచ్చే నూనెను తగ్గిస్తుంది. పామోలిన్ అంటే ఎప్పుడూ అన్నిటికన్నా చవక అనే అలవాటు ఇందువల్లే చెదిరింది. 2024 చివర్లో పామాయిల్ సోయా నూనె కన్నా ఖరీదైంది, మన కొనుగోళ్లు సోయా వైపు జరిగాయి. అందుకని కొట్లో "తక్కువలో ఉన్న నూనె" అని అడగడం మంచి అలవాటే. ఆ నెల అది పామోలిన్ కాకపోవచ్చు.

సోయా సంగతి వచ్చింది కాబట్టి ఒక విచిత్రం. ప్రపంచ వాణిజ్య సంస్థలో మనం ఒప్పుకున్న గరిష్ఠ సుంకం పామాయిల్‌కి 300 శాతం, సోయా నూనెకి 45 శాతమే. అందువల్ల 2018 మార్చిలో శుద్ధి పామాయిల్ మీద 54 శాతం వేయగలిగారు, సోయా మీద 45 దగ్గర గోడ. ఏళ్ల కిందట జరిగిన బేరాల గుర్తు ఇవాళ్టి రెండు ప్యాకెట్ల మధ్య తేడాలో ఉంది. సోయా ఎక్కువగా వచ్చేది అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి. ఓడ నెల పైన ప్రయాణం చేయాలి. ఇండోనేషియా నుంచి పామాయిల్ వారం పది రోజుల్లో వస్తుంది. వ్యాపారులు నిల్వ తగ్గినప్పుడు పామాయిల్‌కే పరుగెత్తడానికి ఈ దూరం కూడా కారణం.

మన తోటల నూనె సంగతి. దేశంలో పండే పామాయిల్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళలదే 98 శాతం, అందులో సింహభాగం ఏలూరు, గోదావరి జిల్లాల వైపు. పరిశోధన సంస్థ పెదవేగిలో ఉంది. తెలంగాణలో అశ్వారావుపేట చుట్టూ పాత తోటలు, ఇప్పుడు కొత్త జిల్లాలకూ పాకుతోంది. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో పామాయిల్ సాగు పెంచే మిషన్ ప్రకటించింది. హెక్టారుకి 143 మొక్కలు, కాపుకి మూడు నాలుగేళ్లు, కోసిన గెల 24 గంటల్లో మిల్లుకి చేరాలి. ఆలస్యమైతే ఆమ్లత పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. రైతుకిచ్చే ధరలో రెండు లెక్కలుంటాయి: ముడి నూనె ధర, గెల నుంచి నూనె ఎంత శాతం దిగుతుందన్న ఓఈఆర్. ఆ శాతంలో అర పాయింటు తేడాకే పక్క రాష్ట్రంతో పోల్చి ఆందోళనలు జరిగాయి. 2022లో జకార్తా నిషేధం నాటికి గెలల ధర టన్ను 20 వేలు దాటింది, ఎత్తేశాక దిగిపోయింది. సుంకం తగ్గిస్తే ప్యాకెట్ కొనేవాళ్లకు మేలు, దెందులూరు రైతుకి దెబ్బ. ఈ రెండింటినీ ఒకేసారి మెప్పించే సుంకం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

మా మార్కులు: వేపుడుకి పదికి ఎనిమిది, పోపుకి నాలుగు, ఆవకాయకి సున్నా. సంతృప్త కొవ్వు దృష్ట్యా రోజువారీ కూరలకు వేరుశనగ, తవుడు, సన్‌ఫ్లవర్ మార్చి మార్చి వాడి, దీన్ని పిండివంటలకు ఉంచుకోవడం మేలు. సుంకం పెరిగిందన్న వార్త రాగానే పదేసి ప్యాకెట్లు ఎత్తుకోనవసరం లేదు. 2024 సెప్టెంబరు పెంపు నాటికి పాత సుంకంతో తెచ్చిన నూనెలు దేశంలో దాదాపు 30 లక్షల టన్నులు, 45 నుంచి 50 రోజులకు సరిపడా ఉన్నాయని ప్రభుత్వమే చెప్పింది. అయినా చాలాచోట్ల ధర వారంలోపే పెరిగింది. అలాంటప్పుడు ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి, పెంపుకు ముందుదైతే పాత ధర అడగడంలో తప్పులేదు. తగ్గింపు మాత్రం కొట్టు దాకా రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా చిన్న ప్యాకెట్లతో నెట్టుకురండి. కొన్నది స్టీలు డబ్బాలో పోసి మూతపెట్టి, పొయ్యికి దూరంగా ఉంచాలి. రాగి, ఇత్తడి పాత్రల్లో పోస్తే ఎంత మంచి పామోలిన్ అయినా త్వరగా వాసనొస్తుంది.